పాత సైకిల్‌ని మెరిపించాలంటే: కడగడమా, రుద్దడమా, రంగు వేయించడమా?

అటక మీద నుంచో, పెరట్లో షెడ్డులోంచో పాత సైకిల్‌ని బయటికి తీశాక చాలామంది నేరుగా పెయింటర్ దగ్గరికి తీసుకెళ్తారు. దయచేసి ఆ పని మొదటే చేయకండి. దుమ్ము, జిడ్డు, పైపై తుప్పు కలిసి గట్టిపడిన పొరను చూసి పెయింట్ పోయిందనుకుంటాం. చాలాసార్లు అసలు రంగు దాని కిందే బాగానే ఉంటుంది. ఒకసారి గీకించేశాక మాత్రం కంపెనీ వేసిన నలుపు, దాని మీది బంగారు గీతలు, ముందు గొట్టం మీది బొమ్మ ఎంత ఖర్చు పెట్టినా అచ్చం అలాగే తిరిగి రావు. అందుకే కింద పోల్చిన పద్ధతులన్నిటినీ ఒకే లెక్కన చూశాను: బండికి తక్కువ నష్టం చేసేది ముందు, ఎక్కువ నష్టం చేసేది చివర.

నేను చెబుతున్నది మన ఊళ్లలో అందరూ ఎరిగిన పెద్ద నల్ల సైకిల్ గురించి. 28 అంగుళాల చక్రాలు, ఇనుప రాడ్ల బ్రేకులు, గొలుసును పూర్తిగా కప్పేసే చైన్ కవరు, వెనక బరువైన క్యారియరు. సోనీపత్‌లో 1951లో మొదలైన అట్లాస్, మద్రాసు శివారు అంబత్తూరులో 1949లో పుట్టిన టీఐ సైకిల్స్ వాళ్ల హెర్క్యులెస్, ఫిలిప్స్, లూధియానాలో 1956లో మొదలైన హీరో, ఇంకా పాతవైతే ఇంగ్లండ్ నుంచి వచ్చిన రాలీ, హంబర్ ఈ కోవలోవే. అట్లాస్ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్‌లో మూతపడింది. ఆ పేరు రాసి ఉన్న చైన్ కవరో మడ్‌గార్డో మీ బండికి ఇంకా ఉంటే, గీకే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

ముందు తేల్చుకోవాల్సింది

ఆ సైకిల్ రోజూ తొక్కడానికా, తాతగారి గుర్తుగా ఇంట్లో పెట్టుకోవడానికా, అమ్మడానికా? సమాధానాన్ని బట్టి పనే మారిపోతుంది. రోజూ తొక్కేదైతే బేరింగులు, బ్రేకులు, టైర్ల మీద డబ్బు పెట్టండి, మెరుపు తర్వాత చూడొచ్చు. గుర్తుగా ఉంచుకునేదైతే గీతలు, సొట్టలు కూడా ఆ మనిషి వాడిన ఆనవాళ్లే. హ్యాండిల్ పిడి అరిగిన చోటును, పాల క్యాన్లు వేలాడదీసిన చోట క్యారియరు మీద పడిన గాడిని కొత్త రంగుతో కప్పేస్తే ఇంక ఏ సైకిలైనా ఒకటే. అమ్మేదైతే, పాత సైకిళ్లు సేకరించేవాళ్లు మొదట అడిగేది "ఒరిజినల్ పెయింటేనా?" అనే. కొత్తగా వేయించిన రంగుకి పెట్టిన ఖర్చు ధరలో తిరిగి రావడం కష్టం.

కడగడం: బకెట్టా, వాటర్ సర్వీసింగా?

బైకులు కడిగే సర్వీసింగ్ సెంటర్లో అయితే పది నిమిషాల్లో పని అయిపోతుంది. కానీ పాత సైకిల్‌కి అది పనికిరాదు. చక్రాల హబ్బులకు, పెడల్ ఇరుసుకు, హ్యాండిల్ కిందున్న బేరింగులకు ఇప్పటి బండ్లలాంటి రబ్బరు సీళ్లు ఉండవు. ప్రెషర్ నీళ్లు గ్రీజును తోసేసి లోపలే నిలిచిపోతాయి, తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది. పైగా పొక్కిన పెయింట్, అంచులు లేచిన స్టిక్కర్లు ఆ ధాటికి ఊడిపోతాయి.

బకెట్ నీళ్లు, కొద్దిగా కారు షాంపూ, పాత బనియన్ గుడ్డ, మెత్తటి టూత్ బ్రష్షు చాలు. పై నుంచి కిందికి కడగండి. గిన్నెలు తోమే పౌడరు, స్టీలు పీచు, గరుకు కొబ్బరి పీచు పెయింట్ దగ్గరికి రానివ్వకండి. ఇవి మురికితో పాటు నునుపును కూడా గీసేస్తాయి, ఆ మసక మళ్లీ పోదు. బోరు నీళ్లు ఉన్న ఇళ్లలో ఇంకో చికాకు ఉంది. నీళ్లు ఆరాక తెల్లటి ఉప్పు మరకలు మిగులుతాయి. అందుకే ఆరనివ్వకుండా వెంటనే పొడి గుడ్డతో తుడిచేయండి. తర్వాత బండిని కాసేపు నీడలో పెట్టి, సీటు గొట్టం తీసి తలకిందులు చేస్తే లోపలికి చేరిన నీళ్లు కారిపోతాయి.

జిడ్డు వదలడానికి

గొలుసు, ఫ్రీవీలు, పళ్ల చక్రం మీద ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డి సబ్బుకి లొంగదు. దీనికి మనవాళ్లు ఎప్పటి నుంచో వాడేది కిరోసిన్. ఇప్పుడది దొరకడం కష్టమైంది కాబట్టి డీజిల్ వాడండి. వాసన ఎక్కువ, ఆరడం ఆలస్యం, కానీ పని జరుగుతుంది. పెట్రోల్ మాత్రం వద్దు. గది వేడిలోనే దాని ఆవిరి అంటుకుంటుంది, పక్కన స్విచ్చిలో చిన్న నిప్పురవ్వ చాలు. దుకాణాల్లో దొరికే చైన్ క్లీనర్ స్ప్రేలు శుభ్రంగానే పనిచేస్తాయి గాని, చైన్ కవరు లోపల గడ్డకట్టిన మడ్డికి ఒక డబ్బా ఏ మూలకూ చాలదు. ముందు చెక్క పుల్లతో గీకి తీసేసి, మిగిలినదానికి డీజిల్ పట్టించడం చవక, త్వరగా కూడా అవుతుంది.

ఒక్క జాగ్రత్త. బంగారు అక్షరాలు, బొమ్మలున్న చోట కిరోసిన్, డీజిల్ లాంటివి నానబెట్టకండి. థిన్నర్ అయితే ఒక్క తుడుపుకే వాటిని చెరిపేస్తుంది.

గొలుసు శుభ్రమయ్యాక స్కేలు పెట్టి కొలవండి. ఒక పిన్ను మధ్య నుంచి లెక్కపెడితే 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు పెరిగితే గొలుసు మార్చాలి, ఎనిమిదో వంతు దాటితే పళ్ల చక్రాలు కూడా అరిగి ఉంటాయి. అరిగిన గొలుసును ఎంత మెరిపించినా ఉపయోగం లేదు.

తుప్పు: అసలు పని ఇక్కడే

తుప్పు ఎక్కడ పట్టిందన్నదాన్ని బట్టే మందు. ఒకే పద్ధతి సైకిల్ మొత్తానికి వాడేవాళ్లే ఎక్కువ పాడుచేస్తారు.

మెరిసే భాగాలు, అంటే హ్యాండిల్, రిమ్ములు, క్రాంకులు (పెడళ్లను మోసే కడ్డీలు), సీటు గొట్టం మీద ఉండేది నికెల్ పూత, దాని పైన పలుచటి క్రోమ్ పూత. ఆ క్రోమ్ పొర మందం సాధారణంగా ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. దానిలోని సన్నటి రంధ్రాల గుండా తేమ దిగి, కింద ఇనుము తుప్పు పట్టి, గోధుమ రంగు చుక్కలుగా పైకి వస్తుంది. అంటే చూడ్డానికి రిమ్మంతా తుప్పులా ఉన్నా, చుక్కల మధ్య క్రోమ్ ఇంకా బతికే ఉంటుంది.

దీనికి నేను మొదట చెప్పేది వంటింట్లోని అల్యూమినియం ఫాయిల్. చిన్న ముక్కను ఉండ చుట్టి, నీళ్లలో ముంచి, వేలి ఒత్తిడితో చిన్న చిన్న చుట్లుగా రుద్దండి. క్రోమ్ కంటే అల్యూమినియం చాలా మెత్తన కాబట్టి గీతలు పడవు. కాసేపట్లో నల్లటి చిక్కటి ముద్ద తయారవుతుంది, కంగారు పడకండి, పని జరుగుతోందని దాని అర్థం. తడి గుడ్డతో ఆ నలుపు తుడిస్తే కింద మెరుపు కనిపిస్తుంది. అప్పటికీ మిగిలిన చిన్న నల్ల చుక్కలు క్రోమ్ పోయిన గుంటలు. వాటిని రుద్ది పోగొట్టలేం.

ఫాయిల్‌కి లొంగని చోట నాలుగు సున్నాల స్టీల్ ఊలు, అంటే 0000 గ్రేడుది, రెండు చుక్కల నూనెతో వాడొచ్చు. అంతకంటే ముతకది క్రోమ్‌ను గీస్తుంది. ఇత్తడి బ్రష్షు ఫర్వాలేదు. ఇనుప తీగల బ్రష్షు, డ్రిల్‌కి తగిలించే వైరు చక్రం మాత్రం పెయింట్‌కి, క్రోమ్‌కి రెండింటికీ శత్రువులు. వెల్డింగ్ షాపుల్లో అడగకుండానే అదే పెట్టేస్తారు, ముందే వద్దని చెప్పండి.

ఇక ఆక్సాలిక్ యాసిడ్. మార్బుల్ పాలిష్ చేసేవాళ్లు వాడే తెల్ల పొడి ఇదే. లీటరు నీటికి 20 గ్రాముల చొప్పున ప్లాస్టిక్ టబ్బులో కలిపి తుప్పు పట్టిన భాగాన్ని ముంచితే, కొన్ని గంటల నుంచి ఒక రోజులోపు తుప్పు దానంతటదే కరుగుతుంది. చేయి పెట్టలేని మూలలకు, గట్టి తుప్పుకు ఇంత బాగా పనిచేసేది ఇంకొకటి తక్కువ ఖర్చులో లేదు. కానీ ఇది విషం, చూడ్డానికి పంచదారలా ఉంటుంది. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు, పొడి కలిపేటప్పుడు ముక్కుకు మాస్క్ తప్పనిసరి. పిల్లలకు అందనివ్వకండి, మిగిలిన పొట్లం మీద పెద్దక్షరాలతో పేరు రాయండి. బయటికి తీశాక వంట సోడా కలిపిన నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి, లేదంటే మళ్లీ తుప్పు పడుతుంది.

యాసిడ్‌లో వేయకూడనివి కూడా ఉన్నాయి. స్పోకులు, కొన్ని నట్లు బూడిద రంగులో కనిపిస్తాయి కదా, ఆ జింకు పూతను యాసిడ్ తినేస్తుంది. గొలుసు, స్ప్రింగులు, బేరింగ్ బాల్స్ లాంటి గట్టి ఉక్కు యాసిడ్ వల్ల పెళుసెక్కే ప్రమాదం ఉంది. పెయింట్ ఉన్న భాగమైతే ముందు కనిపించని చోట చిన్న పరీక్ష చేసి చూడండి.

బాత్రూములు కడిగే యాసిడ్ గురించి యూట్యూబ్‌లో చాలామంది చెబుతారు. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్. తుప్పుతో పాటు క్రోమ్‌నీ, ఇనుమునీ తింటుంది, దాని ఆవిరి పక్కనున్న పనిముట్లకు కూడా తుప్పు పట్టిస్తుంది. ఏ ధరకూ వద్దు. నిమ్మ ఉప్పు, వెనిగర్ సురక్షితమైనవే, కానీ నిదానం. చిన్న నట్లు, బోల్టులకు సరిపోతాయి.

మడ్‌గార్డుల లోపలి వైపు, క్యారియరు అడుగు లాంటి కనిపించని చోట్లకు రస్ట్ కన్వర్టర్ మంచిది. ఇందులో ఎక్కువగా ఉండేది ఫాస్ఫారిక్ యాసిడ్. ఇది తుప్పును నల్లటి గట్టి పొరగా మార్చేస్తుంది, దాని మీద రంగు వేసుకోవచ్చు. మెరిసే భాగాలకు ఇది కాదు.

ఇత్తడి బెల్లు, పాత డైనమో లైటుకున్న ఇత్తడి చట్రం ఉంటే చిలుముకి చింతపండు, ఉప్పు చాలు, ఆ తర్వాత బాగా కడగాలి. ముందు గొట్టం మీద బిగించిన కంపెనీ బిళ్లకు మాత్రం చింతపండు పెట్టకండి. అక్షరాల మధ్యనున్న రంగు ఊడిపోతుంది. తడి గుడ్డతో తుడిస్తే అంతే చాలు.

పెయింట్: కాంపౌండా, పాలిషా, మైనమా?

కడిగి ఆరబెట్టాక నలుపు మసకగా, బూడిద రంగు తేలినట్టు కనిపిస్తే అది ఎండకు, గాలికి పైపొర చచ్చిపోవడం. దాన్ని సరిచేయడానికి మార్కెట్లో మూడు రకాలు దొరుకుతాయి, వాటి మధ్య తేడా తెలియక చాలామంది మొదటిదే కొంటారు.

రబ్బింగ్ కాంపౌండ్ సన్నటి రాపిడి పొడి. పెయింట్ పైపొరను నిజంగానే అరగదీస్తుంది. ఖాళీగా ఉన్న గొట్టాలకు, మడ్‌గార్డు మధ్య భాగానికి బాగుంటుంది. కానీ బంగారు గీతలు, అక్షరాలు ఉండేది పెయింట్ పైన. నాలుగు రుద్దులకే అవి మాయమవుతాయి. కాంపౌండ్ వాడే ముందు గీతలకు రెండు వైపులా మాస్కింగ్ టేపు అంటించి, అంచుకు వేలెడు దూరంలో ఆగిపోండి. గొట్టాలు కలిసే లగ్గుల అంచుల మీద పెయింట్ పలుచగా ఉంటుంది, అక్కడ కూడా గట్టిగా రుద్దితే ఇనుము బయటపడుతుంది.

కారు పాలిష్ దాని కంటే మెత్తన. చాలా సైకిళ్లకు ఇదే సరైనది. మెత్తటి గుడ్డకు కొద్దిగా తీసుకుని, ఒక్కో గొట్టం చొప్పున, నెమ్మదిగా. గుడ్డకు నలుపు అంటుతుంటే చచ్చిన పొర వస్తోందని తెలుసుకోండి. అది తగ్గి, గొట్టం మీద మీ వేళ్ల నీడ కనిపించగానే ఆపేయండి.

మైనం, అంటే కార్నబా వ్యాక్స్, దేన్నీ తీయదు, కప్పుతుంది. గీతలకు, అక్షరాలకు ఏ ప్రమాదమూ లేని పద్ధతి ఇదే. బంగారు గీతలు ఇంకా స్పష్టంగా ఉన్న బండికి నేనైతే కాంపౌండ్ జోలికి పోకుండా, సబ్బు నీళ్ల తర్వాత నేరుగా మైనమే వేస్తాను. మెరుపు కొంచెం తక్కువైనా ఫర్వాలేదు. సముద్రపు గాలి తగిలే విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల ఉప్పు తేమను ఆపడానికి కూడా ఆ పొర పనికొస్తుంది.

కొబ్బరి నూనె రాస్తే నల్ల పెయింట్ ఒక పూట నిగనిగలాడుతుంది, నిజమే. మర్నాటికి దుమ్మంతా దానికి అతుక్కుంటుంది. ఫొటో కోసమైతే సరే, సంరక్షణ కోసం కాదు.

తిరిగి రంగు వేయించక తప్పకపోతే

ఫ్రేము సగానికి పైగా ఇనుము తేలి ఉంటే, లేదా ఎవరో ముందే బ్రష్షుతో ఇంటి గేటు రంగు పూసి ఉంటే, అప్పుడు కొత్త రంగు సబబే. ఇంటి రంగు పూసిన బండ్లలో ముందు ఒక మూల నెమ్మదిగా గీకి చూడండి, కింద కంపెనీ పెయింట్ దొరకొచ్చు.

పౌడర్ కోటింగ్ గట్టిది. 180 నుంచి 200 డిగ్రీల వేడిలో పొడిని కరిగించి పట్టిస్తారు, రాయి తగిలినా సులువుగా లేవదు. రోజూ తొక్కే బండికి ఇదే నా ఎంపిక. లోపం ఏమిటంటే పొర మందంగా ఉంటుంది. లగ్గుల పదునైన అంచులు, సీటు దగ్గర కొట్టిన ఫ్రేము నంబరు పూడుకుపోతాయి. నంబరు బండి గుర్తింపు, దాని మీద టేపు వేయమని చెప్పండి. బేరింగ్ కప్పులు, మరలున్న చోట్లు కూడా మూయించాలి, లేదంటే తర్వాత ఏదీ బిగించలేరు. పాత సొట్టల్లో పుట్టీ పెట్టి ఉంటే ఆ వేడికి నిలవదు.

కార్లకు కొట్టే పీయూ (పాలీయురెథేన్) పెయింట్ పలుచగా, నునుపుగా వస్తుంది, పాత నలుపుకి దగ్గరగా ఉంటుంది, మీద చేత్తో గీతలు వేయించుకోవచ్చు. గుర్తుగా ఉంచుకునే బండికి ఇది మేలు. కానీ అది గట్టిపడటానికి కలిపే హార్డెనర్‌లో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, ఊపిరితిత్తులకు చేటు. ఇంట్లో గుడ్డ మాస్క్ కట్టుకుని కొట్టే పని కాదు, పెయింట్ బూత్ ఉన్న షాపుకే ఇవ్వండి.

స్ప్రే డబ్బాలు చిన్న మచ్చలకు పర్లేదు. మొత్తం ఫ్రేముకి వేస్తే కొన్ని నెలలకే స్టాండు తగిలే చోట, తాళం గొలుసు రాసుకునే చోట లేస్తుంది.

క్రోమ్ పోయిన రిమ్ములు: పూతా, కొత్తవా?

ఇక్కడ నాకు సందేహం లేదు. కొత్తవే. పాత పూత తీసి, గుంటలు నునుపు చేసి, మళ్లీ నికెల్, క్రోమ్ వేయడానికి అయ్యే కూలి కొత్త రిమ్ము ధరను దాటుతుంది, రంధ్రాల చుట్టూ పూత సమంగా పట్టదు. అరుదైన ఇంగ్లండ్ బండి, రిమ్ము మీద కంపెనీ పేరు ఉంటే తప్ప అంత శ్రమ అనవసరం. హ్యాండిల్, క్రాంకులకు మాత్రం పూత వేయించడంలో అర్థం ఉంది.

కొనేటప్పుడు రెండు చూడండి. రంధ్రాల లెక్క: పాత ఇంగ్లిష్ తరహా బండ్లకు ముందు 32, వెనక 40 ఉంటాయి. రిమ్ము ఆకారం: రాడ్ బ్రేకు కట్టలు రిమ్మును పక్కల నుంచి కాదు, లోపలి నుంచి, ఇరుసు వైపు నుంచి పైకి నొక్కుతాయి. ఆధునిక అల్లాయ్ రిమ్ముకి ఆ చోటే ఉండదు. టైర్లలో కూడా ఇదే చిక్కు. 28 అంగుళాలని రాసి ఉన్నవన్నీ ఒకటి కాదు. మన పెద్ద సైకిల్‌కి కావాల్సింది 28 ఇంటూ ఒకటిన్నర, పక్కన 635 అని ఉంటుంది, అది టైరు కూర్చునే చోట రిమ్ము వ్యాసం, మిల్లీమీటర్లలో. 622 అని ఉంటే అది వేరే జాతి, ఎక్కదు.

తోలు సీటు

ఎండి గట్టిపడిన తోలు సీటును నీళ్లలో నానబెట్టొద్దు, ఎండలో పెట్టొద్దు. పిండిన తడి గుడ్డతో తుడిచి, నీడలో ఆరనిచ్చి, తోలు మైనం పలుచగా, అడుగు వైపు కూడా పట్టించండి. 1866లో మొదలైన ఇంగ్లండ్ సీట్ల కంపెనీ బ్రూక్స్ వాళ్లు తమ సీట్లకు అమ్మేది కూడా అలాంటి మైనమే. నూనెలు, ముఖ్యంగా కొబ్బరి నూనె, తోలును మరీ మెత్తబరిచి సీటు మధ్యలో కుంగిపోయేలా చేస్తాయి. ముందున్న నట్టు బిగిస్తే కుంగిన తోలు కొంత లేస్తుంది, కానీ ఒకేసారి అర చుట్టు మించి తిప్పకండి. రెక్సిన్ సీటైతే సబ్బు నీళ్లు చాలు, చిరిగితే కొత్త కవరు వేయడం చవక.

నూనెలు, గ్రీజు

డబ్ల్యూడీ-40 స్ప్రే మంచిదే, బిగుసుకున్న నట్లకు, తడి తరమడానికి. అదే కందెన అనుకుని గొలుసుకి కొట్టి వదిలేస్తే వారంలో కీచుమంటుంది. గొలుసుకి పలుచటి ఇంజిన్ ఆయిల్ ఒక్కో లింకుకి ఒక్కో చుక్క వేసి, పైన మిగిలింది తుడిచేయండి. కుట్టు మిషన్ నూనె బెల్లు, బ్రేకు రాడ్ల కీళ్లకు సరిపోతుంది. హబ్బులు, పెడల్ ఇరుసు విప్పి లిథియం గ్రీజు పెట్టించడం అనుభవం లేకపోతే మెకానిక్‌కే ఇవ్వండి. క్రాంకును పట్టుకునే కాటర్ పిన్నును సరిగా ఆనించకుండా సుత్తితో కొడితే మర వంగిపోతుంది, పాత సైజు పిన్ను దొరకడం ఒక టెన్షన్. కడగడం, ఫాయిల్, మైనం మీరు చేసుకోండి, బేరింగులు, రిమ్ము అల్లడం ఆయనకు వదలండి. ఇచ్చేటప్పుడు "పెయింట్ ముట్టుకోవద్దు, పాత భాగాలు పారేయొద్దు" అని నోటితో చెప్పడమే కాదు, ఒక కాగితం మీద రాసి క్యారియరుకి కట్టండి.

అంతా బిగించాక రిమ్ముల లోపలి అంచును, బ్రేకు కట్టలు తగిలే చోటును, పొడి గుడ్డతో మరోసారి తుడవండి. మైనం గానీ, నూనె గానీ, టైర్లు నల్లగా కనిపించాలని రాసే ద్రావణం గానీ అక్కడా, టైరు రోడ్డుకి తగిలే చోటా ఏ మాత్రం మిగలకూడదు. ముందు బండిని చేత్తో నడిపిస్తూ రెండు బ్రేకులూ విడివిడిగా నొక్కి చూసి, చక్రం ఆగుతోందని నమ్మకం కుదిరాకే ఎక్కండి.